గురువును తీర్చినవారు – ఏడవ భాగము: వార్ధాకు ఈ యొడ్డు, ఆ యొడ్డు

గత భాగమున 1882వ సంవత్సరమువద్ద ఆగితిమి. ప్రాథమిక పాఠశాలల పంతుళ్లలో బ్రాహ్మణులే మిక్కుటముగా నుండుటవలన సేద్యగాండ్ర బిడ్డలకు చదువు అంటుట లేదనియు, సేద్యము చేయు కులములలోనుండియే యువకులను ఏరి, శిక్షణ మిచ్చి, వారిని పంతుళ్లను చేయవలెననియు జ్యోతిరావు ఫూలే హంటరు విచారణ సంఘమునకు విన్నవించుకొనెను. సర్కారు ఆ మాటను విన్నట్లే విని, పెట్టెలో పెట్టి తాళము వేసినదని చెప్పి ముగించితిమి. చాందాలో స్కాట్లండు ఎపిస్కోపల్ మిషనువారును, సిరోంచలో అమెరికన్ మెథడిస్టులును పూనిన పనుల ముచ్చటయు అందే వచ్చినది. ఫూలే కోరిన కోరిక అరువదియొక్క సంవత్సరముల పిమ్మట నెరవేరినది. అయితే అది పుణెలో గాదు, బొంబాయిలో గాదు. ఆయన కలలోనైన తలపని యొక తావున, నిజాము నవాబుగారి యడవిలో, వియన్నా నగరమునుండి వచ్చి యుద్ధమువలన ఇంటికి పోలేక చిక్కుపడిన యొక పండితుని చేతిమీదుగా నెరవేరినది. ఈ భాగమున చెప్పబోవునది ఆ కథయే. అయినను, ఆ యొడ్డునకు దాటుటకు ముందు ఈ యొడ్డున కొంతసేపు నిలువక తప్పదు.

చాందాకు ఆగ్నేయముగా పోవు బాటలో గోండ్‌పిప్రి యున్నది. గోండుల పేరును నొసటనే దిద్దుకొన్న యూరు. అచ్చటినుండి దక్షిణమునకు సాగినచో పోడ్సా యను పల్లెకడ వార్ధా నది యడ్డువచ్చును. ఆవల సిరిపురము. నేడు ఆ నదిమీద వంతెన యున్నది. ఈవల మహారాష్ట్రము, ఆవల తెలంగాణము. మన కథా కాలమున, అనగా 1937 మొదలు 1949 వరకు, ఈవల బ్రిటిషువారి మధ్యపరగణా, ఆవల నిజాము రాజ్యము. వేసవిలో మోకాటిలోతు నీటిలో దాటిన చాలును, రాజు మారును, రూకలు మారును, కాగితముమీది లిపి మారును. ఈవల బ్రిటిషు రూపాయి, ఆవల హాలీ సిక్కా. ఈవల మోడీ, నాగరి లిపులలో దస్తావేజులు, ఆవల ఉర్దూలో. మారనివారు మనుష్యులొక్కరే. ఏటికి రెండుప్రక్కల గోండులే, కోలాములే. రెండుప్రక్కల మరాఠీయు తెలుఁగును కలగలిసిన మాటయే. చాందా తెలుఁగువారి ఇంటిపేళ్ల చివరనుండు 'వార్' అను తోక మన 'వారు' శబ్దమే. మరాఠీ పలుకుబడిలో కొమ్ము రాలిపోయినది, అంతియ.

పంతులును పిలుచు తీరుకూడ ఏటితోపాటే మారుచుండెను. ఈ యొడ్డున జిల్లా కౌన్సిలు బడిలో ఆయన 'గురూజీ'. ఆ యొడ్డున సర్కారు బడికి 'మదరసా తహ్తానియా' యని పేరు; అందులో కూర్చుండినవాడు ఏ కులమువాడైనను పిల్లలకు 'మౌల్వీసాబే'. నడుమ తెలుఁగిండ్లలో మాత్రము ఆయన 'పంతులు'. మూడు పేళ్లలో మూడు ఏలుబడులున్నవి: గురూజీ వెనుక నాగపురి నార్మల్ స్కూలును, మరాఠీ మధ్యతరగతియు, మౌల్వీసాబు వెనుక హైదరాబాదు ఉర్దూ దర్బారును, పంతులు వెనుక గ్రామకరణమును, వీధిబడి యిసుకలో దిద్దిన 'ఓనమాలు'ను. గోండుపిల్లవాని కీ మువ్వురును పరాయివారే. వాడు ఇంటిలో మాటాడు మాట మువ్వురికిని రాదు.

ఇట్లుండగా 1937 అక్టోబరు 22, 23 తేదీలలో, ఈ నది పేరునే పెట్టుకొన్న వార్ధా పట్టణమున గాంధీమహాత్ముని అధ్యక్షతను ఒక విద్యాసభ కూడినది. కాంగ్రెసువారు పలు రాష్ట్రములలో మంత్రిపదవులు స్వీకరించి మూడు నెలలైన కాలమది. మద్యనిషేధము చేసినచో ఖజానాకు రాబడి తగ్గును. రాబడి తగ్గినచో బడులకు రొక్కమెక్కడిది? ఈ చిక్కుముడికి గాంధీజీ చూపిన విరుగుడు అందరిని ఉలికిపడజేసెను: పిల్లవాడు చేతిపనిద్వారా చదువుకొనవలెను, ఆ చేతిపని వెలతో పంతులు జీతము గడవవలెను. ఆర్థికశాస్త్ర పండితుడైన కె. టి. షా ఆ సభలోనే లేచి, ఇట్లు చేసినచో బడులు కార్ఖానాలగుననియు, బీద చేతిపనివారి నోటికూడు పోవుననియు కాదనెను. అయినను తీర్మానములు నెగ్గినవి. డాక్టరు జాకిర్ హుసేన్ అధ్యక్షతను ఒక సంఘ మేర్పడి, డిసెంబరు తొలిదినములకే పాఠప్రణాళిక సిద్ధపరచెను.

ఆ ప్రణాళికలోని దినచర్యను ఒక్కసారి దగ్గరగా చూడుడు. బడి ఐదున్నర గంటలు. అందులో మూడు గంటల యిరువది నిమిషములు చేతిపనికి. సంగీతము, చిత్రలేఖనము, లెక్కలు, ఈ మూటికి కలిపి నలువది నిమిషములు. మాతృభాషకు నలువది. సమాజ విజ్ఞానము, ప్రకృతి శాస్త్రములకు ముప్పది. వ్యాయామమునకు పది, విరామమునకు పది. లెక్క సరిగానే సరిపోవును, చేతి గడియారము చూచుకొని వ్రాసినట్లుండును. అయితే తకిలీ త్రిప్పుచు త్రిప్పుచు పోగు తెగుట కారణముగా లెక్కలును, ప్రత్తి పండు నేలను గూర్చి చెప్పుచు భూగోళమును, దూదేకు చేతితో చరిత్రమును నేర్పగల పంతులెక్కడ దొరకును? నార్మల్ స్కూలులో ఎక్కములు వల్లెవేయించుట నేర్చినవానికిది చేతగాదు. అందుచేత పంతుళ్లనే మొదట క్రొత్తగా పోతపోయవలెనని సంఘమువారు నిర్ణయించి, పూర్తి శిక్షణకు మూడేండ్లు, తొందరగా కావలసినచోట ఒక్క యేడు అని గడువు పెట్టిరి. జీతము వీలైన నెలకు 25 రూపాయలు, ఎట్టిపరిస్థితిలోను 20కి తగ్గరాదనిరి.

జీతము మాట కాగితముమీద నున్నంతసేపు బాగుగనే యుండెను. మధ్యపరగణా విద్యామంత్రి రవిశంకర శుక్లగారు దానినే తమదైన రీతిలో మార్చి 'విద్యామందిర్' పథకమును నెలకొల్పిరి. గ్రామములో ధర్మాత్ములు భూమి దానము చేయవలెను. ఆ భూమి పంటతో బడి నడువవలెను. పంతులు నెలకు 15 రూపాయలతో సంతుష్టుడై గ్రామసేవ చేయవలెను. 1938 ఏప్రిలు 21వ తేదీన వార్ధాలో విద్యామందిర్ శిక్షణశాలకు గాంధీజీయే ప్రారంభోత్సవము చేసిరి. జాఫ్నానుండి వచ్చిన తమిళ క్రైస్తవుడు ఆర్యనాయకముగారును, వంగదేశపు టాడుపడుచైన యాయన భార్య ఆశాదేవియు హిందుస్తానీ తాలీమీ సంఘము పక్షమున ఈ క్రొత్త గురువులను తీర్చు భారము వహించిరి.

ఇందులో ఎవరికి ఏమి కావలసియుండెనో ఆలోచించిన గాని కథ బోధపడదు. గాంధీజీకి కావలసినది సర్కారు ముష్టిమీద నాధారపడని గ్రామము. శుక్లగారికి కావలసినది తక్కువ ఖర్చుతో వేల బడులు, వానితోపాటు పల్లెపల్లెకు కాంగ్రెసు భావము మోసికొనిపోవు నొక మనిషి. భూమి దానమిచ్చు మాల్‌గుజారునకు కావలసినది మంచిపేరును, తన మాట జవదాటని పంతులును. జిల్లా కౌన్సిలువారికి, పంతుళ్ల నియామకము తమ చేతిలోనుండి జారిపోకుండుట. పాత గురూజీలకు, ఉన్న యుద్యోగము నిలుచుట. చాందా ప్రాంతమున తరతరములుగా ముతకబట్ట నేయుచు వచ్చిన మహారు తండ్రి సంగతి వేరు. అతడు కొడుకును బడికి పంపుటయే మగ్గమునుండి తప్పించుటకు. బడిలోను తకిలీయే చేతికిచ్చినచో అతని కది చదువుగా దోచునా? పై కులములవారి బిడ్డలకు నూలు వడకుట శ్రమగౌరవము నేర్పవచ్చును. నేతగాని బిడ్డకు అది వాని యింటి సంకెలయే. పథకము రచించినవారి సదుద్దేశమును శంకింపను. కాని యీ తండ్రిని ఎవరైన అడిగియుండిరా యను శంక నాకు తీరనే లేదు.

రాజకీయము వేరొక దారిని వచ్చెను. మధ్యపరగణా పేరునకొక రాష్ట్రమేగాని, ఉత్తరమున హిందీ మహాకోసలము, దక్షిణమున మరాఠీ నాగపురము అను రెండు కాపురముల పొత్తు. ప్రధానమంత్రి డాక్టరు నారాయణ భాస్కర ఖరే మరాఠీ పక్షము. శుక్లగారును, ద్వారకాప్రసాద మిశ్రగారును హిందీ పక్షము. 1938 జులైలో ఖరేగారు రాజీనామా యిచ్చి, వారిని తొలగించి, తానొక క్రొత్త మంత్రివర్గమును కూర్చుకొనిరి. కాంగ్రెసు కార్యవర్గమువారు అదే వార్ధాలో కూడి ఖరేను గట్టిగా మందలించిరి. నెల ముగియులోపల శుక్లగారే ప్రధానమంత్రి యైరి. పంతుళ్ల శిక్షణ పథకమును పుట్టించినవాడే రాష్ట్రమునకు పెద్ద యైనందున, నాగపుర, చాందాలలోని మరాఠీవారికి విద్యామందిర్ హిందీవారి సొత్తుగా కానవచ్చుటలో వింతలేదు.

అంతకన్న పెద్ద గాలివాన 'మందిర్' అను మూడక్షరముల మాటతో లేచినది. మందిరమన గుడి గదా, మా బిడ్డలను గుడికి పంపుదుమా యని ముస్లిం లీగువారు పట్టుబట్టిరి. మా యర్థము ఇల్లు, ఆలయము గాదని శుక్లగారి పక్షము. కాంగ్రెసు రాష్ట్రములలో ముసల్మానుల యిక్కట్లను ఏకరువుపెట్టిన పీర్‌పూర్ నివేదికలో విద్యామందిరమునకు పెద్దపీట లభించినది. 1939 మొదట నాగపురమున సత్యాగ్రహము జరిగి జనులు చెరసాలల పాలైరి. ఒక పేరుకొఱకింత రచ్చయా యని నేటి చదువరి నవ్వవచ్చును. పేరుకొఱకు గాదు, ఉర్దూ నేర్చిన పంతులును ఎవరు తయారుచేయుదురు, వాడేమి పాడించును, ఎవరి బొమ్మకు మ్రొక్కించును అనుదానికొఱకు. ఆ సంవత్సరము నవంబరులో, యుద్ధము విషయమై తగవుపడి కాంగ్రెసు మంత్రులు గద్దెలు దిగిరి. విద్యామందిరములు ఆదరువులేని మొలకలవలె నిలిచినవి కొన్ని, ఎండినవి కొన్ని.

ఇచ్చట నొక చిన్న ముచ్చట. ఈ యొడ్డున 'మందిర్' మాటకు ముసల్మానులు కోపించిన దినములలోనే, ఆ యొడ్డున 'వందేమాతరము' పాడిన నేరమునకు ఉస్మానియా విద్యార్థులు కళాశాలలనుండి వెళ్లగొట్టబడిరి. 1938 చివర వారిలో పలువురు కాజీపేట రైలెక్కి, బల్లార్షా దాటి నాగపురము చేరిరి. నాగపుర విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. పి. వి. నరసింహారావుగారు ఆ గుంపులోనివారే. ఒక ప్రభుత్వమువారు గెంటినవారిని వేరొక ప్రభుత్వమువారు అక్కున జేర్చుకొనుటకు నడుమ నున్నదెల్ల ఒక యేరును, దానిపై రైలువంతెనయు.

ఇక ఏరు దాటుదము.

ఆసిఫాబాదు, ఉట్నూరు కొండలలో గోండుల కష్టము మనకు తెలిసినదే. అటవీశాఖవారు గీతలు గీసి, తాతలనాటి పోడు చేలను 'సర్కారు జంగలు' అనిరి. మైదానములనుండి వచ్చినవారు కచ్చేరీలో తమ పేర పట్టాలు వ్రాయించుకొని, గోండును అతని చేనిలోనే పాలికాపును జేసిరి. సావుకారు నాగుకిచ్చిన గింజలు ఏటేట పెరిగెను. 1940లో జోడేఘాట్ కొండపై కొమురం భీము తన వారితో తిరుగబడి, నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. భీము యౌవనమున చాందా ప్రాంతమునకు పారిపోయి, అచ్చట నొక ముద్రాపకుని యాశ్రయమున చదువను వ్రాయను నేర్చెనని జనశ్రుతి. జనశ్రుతిని రుజువు చేయలేము గాని, అది చెప్పుకొనువారి మనస్సు మాత్రము స్పష్టమే: అర్జీ చదువనేర్చిన గోండే తుపాకి పట్టనేర్చెనని వారి భావము. సర్కారువారి మనస్సులోను ఇట్టి భావమే మెదలినది. వారికి తోచిన విరుగుడు చదువును అడ్డుకొనుట గాక, చదువును తామే యిచ్చుట.

విరుగుడును చెప్పినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టి, నాగా కొండలలో పరిశోధన చేసి, 1939లో మరల హిందూదేశము వచ్చియుండగా యుద్ధము మొదలైనది. ఆస్ట్రియాను హిట్లరు మ్రింగుటవలన ఆయన చేతిలోనిది జర్మను పాస్‌పోర్టు. అనగా బ్రిటిషువారికి శత్రుదేశీయుడు. నిజాము ప్రభుత్వమువారు ఆయనను రాజ్యములోనే యుంచి, చెంచులలో, కొండరెడ్లలో, పిమ్మట గోండులలో తిరిగి పని చేసికొమ్మని విడిచిరి. చెరసాలలో కూర్చుండవలసినవాడు భార్య బెట్టీతోగూడ మార్లవాయి యను గోండుపల్లెలో గుడిసె వేసికొని కాపురముండెను. ఊరి పెద్ద లచ్చుపటేలు ఆయనకు మిత్రుడయ్యెను. భీము తిరుగుబాటునకు కారణమేమని సర్కారడుగగా, ఆయన తుపాకుల మాట యెత్తక భూముల మాట యెత్తెను. అంతటితో నాగక, గోండులకు చదువు రానంతవరకు ఏ పట్టా యిచ్చినను వారిచేతిలో నిలువదని చెప్పెను.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము పుట్టినది. పట్టణమునుండి పంతుళ్లను కొండకు పంపక, కొండమీది యువకులనే పంతుళ్లను జేయుట దాని పద్ధతి. మరాఠీలో ఏవో నాలుగక్షరములు చదువనేర్చిన గోండుకుఱ్ఱలను వెదకి తెచ్చి, వారికి చదువును లెక్కలును గట్టిపరచి, బోధించు రీతి నేర్పి, వారివారి పల్లెలకు పంపుట. పట్వారీ కాగితములు, అడవి నియమములు గూడ వారు తెలిసికొనిరి. కొందరు బడిపంతుళ్లు గాక గ్రామోద్యోగములకును, అటవీశాఖలోని చిన్న కొలువులకును పోయిరి. ఫూలే కోరినది ఇదియే గదా!

తొలిచదువు గోండీలో. ఇది మన తెలుఁగు చదువరులు నిలిచి చూడదగిన చోటు. గోండీ మనకు దూరపు చుట్టముగాదు. ద్రావిడ కుటుంబములో తెలుఁగుతో ఒకే శాఖకు చెందిన తోబుట్టువు. నీటిని వారు 'ఏర్' అందురు, మనకు ఏరు. కోడిని 'కోర్' అందురు. ఊరు 'నార్', ఇల్లు 'రోన్'. ఇంత దగ్గరి మాట, పలకమీద ఎక్కునప్పుడు మాత్రము నాగరి లిపి తొడిగికొన్నది. ఏల? ఆ కొండలలో చదువు వచ్చిన కొలదిమంది గోండులకు వచ్చినది మరాఠీ. ఉట్నూరు, కిన్వట్, రాజురా, ఈవల గోండ్‌పిప్రి, అంతట గోండులు సంతలో మరాఠీ మాటాడువారు. నాగరి నేర్చినచో గోండీనుండి మరాఠీకి అడుగువేయుట సుళువు. సర్కారుతో పని కావలయునన్న పై తరగతిలో ఉర్దూ. ఒక్క పిల్లవానికి మూడు మాటలు, రెండు లిపులు. కష్టమే గాని, ఇంటిమాటనుండి మెట్టుమెట్టుగా ఎక్కించిన చదువు గనుక పిల్లలు నిలిచిరి. వాచకములలో పరాయి రాజుల కథలకు మారుగా గోండుల పురాణగాథలే యుండుట మరియొక యాకర్షణము.

ఈ చదువు ఎవరికి గిట్టలేదో తెలియవలెనన్న ఒక రశీదును మనస్సులో ఊహించుకొనుడు. చేతివెడల్పు కాగితము, ఉర్దూలో నాలుగు వరుసలు, అడుగున నల్లని బొటనవ్రేలి ముద్ర. ముద్ర గోండుది, వరుసలు పట్వారీవి. గోండు ఇచ్చినది పది రూపాయలు. కాగితముమీద ఎంత యున్నదో చదువువాడే రాజు. ఆ పల్లెలో గోండు పంతులు వెలసినపిమ్మట, ప్రొద్దుగుంకిన వేళ ఆ కాగితము దీపమువద్దకు వచ్చును. చదివినవాడు మేనల్లుడో, వియ్యపువాడో. అప్పటినుండి సావుకారునకు బడి కంటిలో నలుసు. బడికి అగ్గిపెట్టనక్కరలేదు, గోండునకు చదువేల, ఎద్దులను తోలుకొనువానికి పలకయేల యని కచ్చేరీలో నాలుగుమారులు నవ్విన చాలును.

పట్టణములలోని జాతీయవాదులకు వేరొక యనుమానము. అడవిజాతులను హిందూ సంఘమునుండి వేరుపరచి, తెల్లదొరల బొమ్మలకొలువులో నిలుపజూచుచున్నారని మానవశాస్త్రజ్ఞులమీద నింద యుండెను. ఆచార్య ఘుర్యేగారు 1943లోనే ఆదివాసులు వెనుకబడిన హిందువులేనని వాదించుచు గ్రంథము ప్రకటించిరి. మానవశాస్త్రజ్ఞుడు ఎల్విన్‌గారిది ఎదురు పక్షము. ఠక్కర్ బాపాగారిది సేవాశ్రమముల దారి. గోండీలో చదువన్నచో వేరుపాటునకు తొలిమెట్టని కొందరు శంకించిరి. ఆ శంక పూర్తిగా నిరాధారమని చెప్పను. నిజాము సర్కారునకు కాంగ్రెసు గాలి, ఆర్యసమాజపు గాలి, పిమ్మట కమ్యూనిస్టుల గాలి సోకని గోండులు కావలసియుండిరి, చదివించిన చేతిని నమ్మియుండు గోండులు కావలసియుండిరి. అయినను ఎవరి స్వార్థముచే త్రవ్వినదైనను బావినీరు దాహము తీర్చును గదా.

ఇంటిలోని పోటీని గూర్చి ఎవరును వ్రాయరు. గోండుల వంశగాథలను కికిరీ తీగపై పాడి నిలుపుకొన్నవారు ప్రధానులు. ఏ గోత్రమువారు ఏ గుహనుండి వెలువడిరో, ఏ పెర్సాపేను ఎవరి దైవమో వారి కంఠమునకే తెలియును. వాచకములో అచ్చుపడిన గాథను పలకమీద చదివించు పంతులు ప్రధానునకు దాయాదియై వచ్చెను. గోండు తండ్రులలోను ఏకాభిప్రాయము పుట్టునట్టిది గాదు: మా మాట మాకు వచ్చును గదా, కచ్చేరీ మాట నేర్పుము అనువాడు ఏ కాలమునను ఉండును. భాషాభిమానము కడుపు నిండినవాని సొత్తని తేలికగా అనలేము గాని, కచ్చేరీ మెట్లపై నిలుచుండినవానికి కచ్చేరీ భాషయే కావలసివచ్చును.

ఈ పనికి సర్కారులో అండ దొరకుటకు ఏటికి ఈ యొడ్డే కారణమయ్యెను. విల్‌ఫ్రిడ్ గ్రిగ్‌సన్ బస్తరులో పని చేసి, మారియా గోండులపై గ్రంథము వ్రాసి, 1940 మొదలు రెండేండ్లు మధ్యపరగణాలోని ఆదివాసుల స్థితిని విచారించినవాడు. చాందా జమీందారీ యడవులను ఎరిగిన యా మనిషి నిజాము కార్యనిర్వాహక సభలో రెవెన్యూ సభ్యుడై హైదరాబాదు వచ్చెను. మార్లవాయి కాగితములు ఆయన బల్లపైకి వచ్చినప్పుడు, గోండన నెవరని అడుగవలసిన యగత్య ముండలేదు. 1945లో హైమెండార్ఫ్ గిరిజన వ్యవహారములకు సర్కారు సలహాదారుడయ్యెను. 1356 ఫసలీలో, అనగా 1946లో, గిరిజన ప్రాంతముల నిబంధన వెలువడినది. పట్టాలు పంచుట మొదలై, 1949 నాటికి ఆదిలాబాదులో పదునొకండు వేల పైచిలుకు కుటుంబములకు లక్షాయరువది వేల యెకరముల వరకు భూమి దక్కినది. మార్లవాయిలో చదివిన పంతుళ్లు పల్లెలలో లేనిచో ఆ పట్టాలలో ఎన్ని గోండుల యిండ్లలో మిగిలియుండెడివో చెప్పనలవికాదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదు ప్రవేశించెను. ఐదు దినములలో రాజ్యము మారినది. నిజాము సర్కారు పెట్టిన ప్రతి సంస్థయు అనుమానపు చూపున కెరయైన యా దినములలో, మార్లవాయి బడులు నిలుచుటకు పూనినవారిలో సేతుమాధవరావు పగడి యొకరు. మాతృభాష మరాఠీ, కొలువుభాష ఉర్దూ. ఉట్నూరుకు ఉద్యోగియై వచ్చి గోండీ నేర్చి, ఆదిలాబాదు గోండులపై గ్రంథము వ్రాసిన యధికారి. ఆ మరుసటి యేడు హైమెండార్ఫ్ దంపతులు లండనుకు తరలిరి. వారు వెళ్లినపిమ్మట గోండీ వాచకములు కొంతకాలము చేతులు మారుచు వాడుకలో నున్నవి.

అయితే, 1956లో ఢిల్లీలో ఎవరో ఒక పటముమీద గీతలు మార్చిరి. రాజురా తాలూకా ఆదిలాబాదునుండి విడివడి బొంబాయి రాష్ట్రమునకు పోయెను. ఏటికావలనున్న గోండు, రాత్రికి రాత్రి గోండ్‌పిప్రి గోండుతోడి యేలుబడిలోనికి వచ్చెను. ఉట్నూరు, ఆసిఫాబాదులు ఆంధ్రప్రదేశమున నిలిచినవి. అచ్చట ఉర్దూ దిగి తెలుఁగు గద్దెయెక్కినది. నాగరిలో అచ్చైన గోండీ వాచకము పట్టుకొని మార్లవాయిలో తీరిన పంతులు, తెలుఁగు మాత్రమే యెరిగిన పరీక్షాధికారి యెదుట నిలుచుండినప్పుడు ఏమి జరిగినది? మాతృభాషలో చదువవలెనని నిజాముతో పోరాడిన మనము, మన చెల్లెలి భాష విషయమున ఏమి చేసితిమి? ఆశ్రమపాఠశాలలును, నిర్ణీత ప్రాంతములలో బడిపంతులుద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో వెలువడిన మూడవ నెంబరు జీవోయు, 2020 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేయుటయు ఈ కథకు తరువాయియే. గుంజాల పల్లెలో ఒకరి యింట పాతమూటలో దాగిన గోండీ లిపి బయటపడిన వింతయు నున్నది. వచ్చే భాగము 1956 నవంబరు నెలతో, రెండు రాష్ట్రములైన యొకే సంతలో మొదలగును.